పూతరేకుల సైటుకి నేను చేసిన రిపేరు: కోడ్, ఎస్ఈఓ ఒకే చేత్తో

మా మేనత్త వాళ్ళది ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారం. ఓ పెళ్ళిళ్ళ సీజన్‌లో పొద్దున్నే ఫోన్ చేసింది. "ఏరా, మన సైటు గూగుల్లో కనపడట్లేదంట. విజయవాడ నుంచి ఎవరో ఆర్డరిద్దామని మన పేరే కొట్టి వెతికితే పక్క వీధి వాళ్ళది వచ్చిందంట. ఏం కట్టావురా నువ్వు?"

ఆ సైటు కట్టింది నేనే. అప్పట్లో హైదరాబాద్‌లో ఫ్రంటెండ్ ఉద్యోగం. రెండు శని ఆదివారాలు కూర్చుని రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో లాగించేశాను. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి జారుకుంటూ వెళ్ళేది, చూడ్డానికి బాగుండేది. గూగుల్లో రావడమంటారా, ఆ పనిని ఎస్ఈఓ అంటారు, అది "ఎస్ఈఓ వాళ్ళు చూసుకుంటారు" అనుకున్నాను. మా బావ నెలకింత అని ప్యాకేజీ మాట్లాడి ఒకాయన్ని పెట్టాడు. ఆయన ప్రతి ఒకటో తారీకున రంగురంగుల పీడీఎఫ్ పంపేవాడు. ఆయన ఒక్కసారీ నా కోడ్ తెరవలేదు, గూగుల్లో సైటు ఎలా కనిపిస్తోందో చూపించే సెర్చ్ కన్సోల్ నేను ఒక్కసారీ తెరవలేదు. ఇద్దరి మధ్యా ఎనిమిది నెలలు పోయాయి.

ఆ సైటుని విప్పి మళ్ళీ కట్టేటప్పుడు నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. చిన్న వ్యాపారానికి సైటు చేసిపెట్టే డెవలపర్లకి ఇది ఎక్కువ పనికొస్తుంది. దుకాణం వాళ్ళు చదివినా, డెవలపర్‌ని ఏం అడగాలో తెలుస్తుంది.

ముందు బాట్ కళ్ళతో చూడండి

బాట్ అంటే సైట్లన్నీ తిరిగి చదివే గూగుల్ ప్రోగ్రాము. గూగుల్ సెర్చ్ డబ్బాలో 'సైట్' అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు కొట్టండి. గూగుల్ దగ్గర మీ పేజీలు ఏవేం ఉన్నాయో సుమారుగా తెలుస్తుంది. మాకు పద్నాలుగు రకాల సరుకు ఉంది, కనిపించింది ఒక్క హోమ్ పేజీ.

తర్వాత సైటు తెరిచి రైట్ క్లిక్ చేసి 'వ్యూ పేజ్ సోర్స్' చూడండి. సరుకు పేరు, ధర, వివరం అక్కడ మామూలు అక్షరాల్లో ఉండాలి. మా దాంట్లో ఉన్నదల్లా ఒక ఖాళీ డివ్, దాని కింద ఒక పెద్ద జావాస్క్రిప్ట్ ఫైలు. ఇల్లు కట్టకుండా ప్లాను చేతిలో పెట్టి గృహప్రవేశానికి పిలిచినట్టు.

గూగుల్ బాట్ జావాస్క్రిప్ట్ నడపలేదా అంటే నడుపుతుంది. 2019 నుంచి కొత్త క్రోమియం ఇంజిన్‌తోనే పేజీని గీసి చూసుకుంటోంది. కాకపోతే అది రెండో విడత పని, దానికో క్యూ ఉంటుంది. పైగా బాట్ దేన్నీ క్లిక్ చేయదు. నేను సరుకుల కార్డులన్నింటికీ లింకు బదులు ఆన్‌క్లిక్ పెట్టాను. మనిషి వేలు పెడితే తెరుచుకుంటుంది, బాట్‌కి మాత్రం అది గోడ. ఇంకో పేజీకి దారి చూపించాలంటే ఇంగ్లీషు 'ఏ' అక్షరంతో రాసే లింకు ట్యాగు, దాంట్లో హెచ్‌రెఫ్, అందులో నిజమైన చిరునామా ఉండాల్సిందే.

దీనికన్నా పెద్ద తప్పు ఇంకోటి. నా పేజీల చిరునామాలన్నీ హ్యాష్ గుర్తు తర్వాత ఉండేవి. హ్యాష్ తర్వాత ఏమున్నా గూగుల్ దాన్ని వేరే పేజీగా లెక్కపెట్టదు. అంటే బెల్లం పూతరేకులు, పంచదార పూతరేకులు, డ్రైఫ్రూట్ పూతరేకులు అన్నీ దాని దృష్టిలో ఒక్క హోమ్ పేజీయే. ప్యాకేజీ ఆయన ఎన్ని లింకులు కొనుక్కొచ్చినా ఇది బాగుపడదు. లింకులు కొనడం గూగుల్ నియమాలకే విరుద్ధం, అది వేరే సంగతి.

వాట్సాప్ సంగతి కూడా చూడండి. మన దగ్గర చిన్న వ్యాపారానికి గూగుల్ కన్నా వాట్సాప్ నుంచే ఎక్కువమంది వస్తారని నా అనుభవం. లింకు పంపితే బొమ్మ, పేరు చూపించే వాట్సాప్ ప్రివ్యూ జావాస్క్రిప్ట్ నడపదు. మా అత్త ఏ సరుకు లింకు పంపినా బొమ్మ లేకుండా బోసిగా వెళ్ళేది. "దొంగ లింకేమో అని ఎవరూ నొక్కట్లేదురా" అనేది. ప్రివ్యూలో ఏ బొమ్మ, ఏ పేరు రావాలో చెప్పే ఓజీ ట్యాగులు సర్వర్ నుంచి వచ్చే హెచ్‌టీఎంఎల్‌లోనే ఉండాలి.

వీటన్నింటికీ కలిపి నేను చేసిన మందు ఒకటే. రియాక్ట్ యాప్ పక్కన పెట్టి, ఆస్ట్రో అనే సైటు కట్టే సాధనంతో ప్రతి సరుకుకీ ముందే తయారైన హెచ్‌టీఎంఎల్ పేజీ వచ్చేలా కట్టాను. జావాస్క్రిప్ట్ అవసరమైంది ఒక్క కార్ట్‌కే. పద్నాలుగు రకాల స్వీట్లకి అంత యాప్ ఎందుకు పెట్టానంటే, నిజం చెప్పాలంటే, నాకు అప్పుడు అదే వచ్చు కాబట్టి.

తెలుగు సైటు అయితే ఇవి అదనం

ఇంగ్లీషు గైడ్లలో ఈ గొడవలు కనపడవు. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మొదటిది, బొమ్మలో తెలుగు. బ్యానర్ మీద "ఆత్రేయపురం పూతరేకులు, స్వచ్ఛమైన నెయ్యితో" అని ఫ్లెక్సీ డిజైనర్ చేసిచ్చిన జేపెగ్ పెట్టేశాను. పేజీ మొత్తం మీద ముఖ్యమైన మాట అదే, అది బొమ్మలో ఇరుక్కుపోయింది. ఇప్పుడు అది హెచ్‌వన్ అనే పెద్ద శీర్షిక ట్యాగులో అక్షరాలుగా ఉంది, ఫొటో దాని వెనక ఉంది. ఫొటోల ఆల్ట్‌లో, అంటే బొమ్మ బదులు చదివే వివరంలో కూడా బొమ్మలో ఏముందో తెలుగులో రాశాను: "తాటాకు బుట్టలో బెల్లం పూతరేకులు". ఆల్ట్‌లో పది కీవర్డ్లు కుక్కితే తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడే మనిషికి అది నరకం.

రెండోది, పాత డీటీపీ ఫాంట్లు. కరపత్రం కోసం టైపు చేయించిన మేటర్ మా బావ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. ఆ రకం ఫాంట్లలో తెరమీద కనిపించేది తెలుగు, లోపల దాక్కున్నది ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కామాలు. ఫాంటు తీసేస్తే పిచ్చిరాత. గూగుల్‌కి కనిపించేది ఆ పిచ్చిరాతే. అది ఎక్కడైనా తెలుగుగానే ఉండే యూనికోడ్‌లోకి మారిందో లేదో తేల్చుకోవడం తేలిక: పేజీలోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగు వస్తే సరే. మార్చాక ఒకసారి చదువుకోవాలి. కన్వర్టర్లు వత్తుల దగ్గర తప్పులు చేస్తాయి.

మూడోది ఫాంటు బరువు. గుణింతాలు, వత్తులు కలుపుకుంటే తెలుగు ఫాంటులో వందల కొద్దీ అక్షర రూపాలు ఉంటాయి, ఇంగ్లీషు ఫాంటు కన్నా బాగా లావు. నేను శీర్షికలకి రామభద్ర, మామూలు మేటర్‌కి మండలి పెట్టాను. తర్వాత ఆలోచిస్తే ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటు ముందే ఉంటుంది. మేటర్‌కి దాన్నే వాడుకుని, శీర్షికకి మాత్రమే రామభద్ర దింపితే చాలు కదా! అలాగే చేశాను. ఫాంటు సొంత సర్వర్ నుంచి, వెబ్ కోసం కుదించిన వాఫ్2 రూపంలో ఇవ్వండి.

ఇక్కడ నేను ఒక రోజంతా పోగొట్టుకున్న చిక్కు ఒకటుంది. ఫాంటు ఏ అక్షరాలకి వర్తించాలో చెప్పే యూనికోడ్ రేంజ్‌లో తెలుగు బ్లాకు, అంటే 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకే రాశాను. 'వెబ్‌సైట్', 'డ్రైఫ్రూట్స్‌తో' లాంటి మాటల మధ్య పొల్లుని విడిగా నిలబెట్టే కంటికి కనపడని అక్షరం ఒకటి ఉంటుంది, దాని నంబరు 200సీ. అది ఆ బ్లాకులో లేదు. దాంతో కొన్ని ఫోన్లలో సరిగ్గా ఆ చోట్లే మాట విరిగిపోయి వింతగా కనిపించింది. 200సీ, 200డీ రెండూ రేంజ్‌లో చేర్చండి. లైన్ హైట్ కూడా ఇంగ్లీషుకి పెట్టినట్టు పెడితే పై వరసలో వత్తు కింది వరసలో గుడిని ఢీకొడుతుంది. నేను 1.7 పెట్టాను.

నాలుగోది చిరునామా. తెలుగులో యూఆర్ఎల్ పెట్టొచ్చు, గూగుల్‌కి ఇబ్బంది లేదు. కానీ కాపీ చేసి పంపేటప్పుడు ఒక్కో తెలుగు కోడ్ పాయింట్ (అక్షరమో, గుణింతం గుర్తో) శాతం గుర్తులతో కలిపి తొమ్మిది గుర్తులవుతుంది. 'పూతరేకులు' అన్న ఒక్క మాట ఎనభై ఒకటి. వాట్సాప్‌లో అది పాములా పొడుగ్గా పడుతుంది. అందుకని చిరునామా ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా పెట్టి, టైటిల్ ట్యాగులో మాత్రం తెలుగు, ఇంగ్లీషు రెండూ రాశాను. ఎందుకంటే ఆత్రేయపురం వాళ్ళు కూడా గూగుల్లో పూతరేకుల్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. 'టీ' తర్వాత 'హెచ్' పెట్టేవాళ్ళు, పెట్టనివాళ్ళు, 'ఓ'లు రెండు పెట్టేవాళ్ళు, ఒక్క 'యూ'తో సరిపెట్టేవాళ్ళు. సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ రిపోర్టు తెరిస్తే ఇవన్నీ కనిపిస్తాయి. ఒక్కో స్పెల్లింగ్‌కి ఒక్కో పేజీ కట్టొద్దు. ఒకటే పేజీలో ఎక్కువమంది వాడే స్పెల్లింగ్ పెట్టండి, మిగతావి గూగుల్ చాలావరకు కలుపుకుంటుంది.

హెచ్‌టీఎంఎల్ ట్యాగులో లాంగ్ దగ్గర 'టీఈ' అని మార్చడం కూడా మర్చిపోకండి. దీన్ని చూసి గూగుల్ భాష నిర్ణయించదు కానీ, బ్రౌజర్‌కీ స్క్రీన్ రీడర్‌కీ కావాలి.

బరువు దింపడం

మా అత్త తన ఫోన్లో సైటు తెరిచి, తెరుచుకునేదాకా చూసి అన్నమాట: "రేకు పల్చగా ఉంటేనేరా నోట్లో కరిగేది. ఇదేంటి ఇంత బండగా ఉంది?"

గూగుల్ చూసే కొలతలు మూడు. పేజీలో పెద్ద ముక్క కనపడటానికి పట్టే కాలం, ఎల్‌సీపీ, 2.5 సెకన్ల లోపు ఉండాలి. నొక్కితే స్పందించే కాలం, ఐఎన్‌పీ, 200 మిల్లీసెకన్ల లోపు. 2024 మార్చిలో ఎఫ్ఐడీ అనే పాత కొలత స్థానంలోకి వచ్చింది ఇదే. మూడోది పేజీ కుదుపు, సీఎల్ఎస్, 0.1 లోపు. వచ్చినవాళ్ళలో నూటికి 75 మందికి ఈ హద్దు లోపల ఉండాలి.

మాకు మొదటిదే పెద్ద దెబ్బ. ఫొటోలు తీసింది మా బావ స్నేహితుడు, పెళ్ళి ఫొటోగ్రాఫర్. ఒక్కోటి ఆరు వేల పిక్సెళ్ళ వెడల్పు. ఫోన్‌కి మామూలుగా పన్నెండు వందల పిక్సెళ్ళు దాటి అవసరం రాదు. వెబ్‌పీకి మార్చి, ఒక్కో ఫొటోని మూడు సైజుల్లో చేసి, ఏ తెరకి ఏది కావాలో బ్రౌజర్ ఎంచుకునేలా సోర్స్‌సెట్ రాశాను. ఆస్ట్రోలో ఇది బిల్డ్‌లోనే జరిగిపోతుంది. చేత్తో చేయొద్దు, పండగ ముందు మా బావ కొత్త ఫొటో పెట్టేటప్పుడు మర్చిపోతాడు.

ఆ తర్వాత తెలివి ఎక్కువై అన్ని ఫొటోలకీ లేజీ లోడింగ్, అంటే తెర దగ్గరికి వచ్చాకే ఫొటో దింపే పద్ధతి, పెట్టాను. మొదటి ఫొటోకీ పెట్టేశాను. ఎల్‌సీపీ ఇంకా పెరిగింది. పేజీ తెరవగానే కంటికి కనిపించే ఫొటోని బద్ధకంగా రమ్మంటే ఎలా? దానికి లేజీ తీసేసి, ఫెచ్‌ప్రయారిటీ 'హై' పెట్టాలి. సీఎస్ఎస్ బ్యాక్‌గ్రౌండ్‌గా కాకుండా ఇమేజ్ ట్యాగులోనే పెట్టాలి. బ్యాక్‌గ్రౌండ్‌లో ఉంటే సీఎస్ఎస్ చదివేదాకా బ్రౌజర్‌కి ఆ ఫొటో ఉందనే తెలీదు.

కుదుపు విషయంలో మాకు నిజంగా డబ్బు నష్టం వచ్చింది. ఫొటోలకి విడ్త్, హైట్ రాయలేదు. ఫొటో వచ్చేసరికి కింది బటన్లు జారిపోయేవి. 'కిలో' నొక్కబోయి 'అరకిలో' నొక్కి, తర్వాత ఫోన్ చేసి గొడవపడినవాళ్ళు ఉన్నారు. తెలుగు ఫాంటు ఆలస్యంగా వచ్చి మారినప్పుడు కూడా వరసలు పైకీ కిందికీ గెంతుతాయి, తెలుగు ఫాంట్ల ఎత్తులు ఒకదానికొకటి కుదరవు మరి. మేటర్‌కి ఫోన్‌లోని ఫాంటే వాడటం వల్ల ఈ బాధ కూడా సగం తగ్గింది.

ఐఎన్‌పీ కోసం నేను రాసిన కోడ్ కన్నా, తీసేసిన కోడే ఎక్కువ. ఎవరూ మాట్లాడని చాట్ బుడగ, తెరవగానే మొహం మీద పడే ఆఫర్ డబ్బా, వచ్చినవాళ్ళని లెక్కపెట్టడానికి ప్యాకేజీ ఆయన అతికించిన రెండు స్క్రిప్టులు. చాట్ బదులు వాట్సాప్ నంబరుకి మామూలు లింకు పెట్టాను.

హోస్టింగ్ చవగ్గా వచ్చిందని అమెరికా సర్వర్ తీసుకున్నాను. ఇక్కణ్ణుంచి అక్కడికి ఒకసారి వెళ్ళి రావడానికే దాదాపు పావు సెకను, పేజీకి అలాంటి ప్రయాణాలు నాలుగైదు. ఫైళ్ళన్నీ ముందే తయారై ఉంటాయి కాబట్టి, చాలా చోట్ల కాపీలు ఉంచే సీడీఎన్‌లో పెట్టేస్తే మన దేశంలోని సర్వర్ నుంచే వెళ్తాయి.

కొలిచేటప్పుడు ఒక మాట. లైట్‌హౌస్ అనే సాధనం ఇచ్చే మార్కులు మీ ల్యాప్‌టాప్ మీద పెట్టే పరీక్ష, గూగుల్ ర్యాంకుకి ఆ మార్కు తీసుకోదు. తీసుకునేది నిజంగా వచ్చిన క్రోమ్ వాడకందార్ల లెక్కలు, అవి గడిచిన 28 రోజులవి కలిపి తీసినవి. ఇవాళ బాగుచేసి రేపు చూస్తే మారదు. చిన్న సైటుకి అసలు లెక్కే రాకపోవచ్చు, మాకు మొదట్లో రాలేదు. అప్పుడు నేను చేసింది, ఊరి దగ్గర కాలవ మీదున్న లొల్ల లాకుల దగ్గరికెళ్ళి అత్త పాత ఫోన్లో తెరిచి చూడటం. అక్కడ మూడు సెకన్లలో ధర కనిపిస్తే చాలు అనుకున్నాను. వందకి వంద మార్కుల కోసం రాత్రులు కూర్చోకండి. వేగం ఒక్కటీ ఎవర్నీ మొదటి స్థానంలో నిలబెట్టదు.

పేజీలో ఏం రాయాలి

ఇది మా అత్త ఫోన్ నుంచి దొరికింది. వారం రోజులు ఆమె పక్కన కూర్చుని, ఫోన్ చేసినవాళ్ళు ఏమడిగారో రాసుకున్నాను. కిలోకి ఎన్ని వస్తాయి, బెల్లంవా పంచదారవా, ఎన్నాళ్ళు నిలవుంటాయి, కొరియర్‌లో విరిగిపోవా, పెళ్ళికి ఐదు వందలు కావాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. సరుకు పేజీలో ఒక్కో ప్రశ్నకి రెండు మూడు వాక్యాల్లో జవాబు, అత్త మాటల్లోనే. ప్యాకేజీ ఆయన రాయించిన "భారతీయ సంప్రదాయ మిఠాయిల వైభవం" వ్యాసం తీసేశాను. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి మాత్రం ఒక వాక్యంలో ఉంచాను, దాని గురించి అడిగేవాళ్ళు ఉన్నారు.

స్కీమా సంగతి. అది గూగుల్ చదువుకునేలా రాసే సరుకు వివరం. సరుకు పేరు, ధర, ఉందా లేదా అన్నవి జేసన్-ఎల్‌డీ రూపంలో పేజీలో పెడితే, గూగుల్ ఫలితాల్లో ధర కూడా చూపించే వీలుంటుంది. సంక్రాంతికి నెయ్యి రేటు పెరిగి మా బావ పేజీలో ధర మార్చాడు, స్కీమాలో పాతదే ఉండిపోయింది. గూగుల్లో ఒక ధర, లోపల ఇంకో ధర. ఇప్పుడు ధరలన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి, పేజీ, స్కీమా, కార్ట్ మూడూ అక్కణ్ణుంచే తీసుకుంటాయి. ఈ పని ఎస్ఈఓ మనిషి ఒక్కడే చేయలేడు, కోడ్ రాసేవాడికి ఒక్కడికే తట్టదు. లేని రివ్యూ నక్షత్రాలు మాత్రం స్కీమాలో పెట్టకండి.

మెటా కీవర్డ్స్ ట్యాగు నింపడానికి డబ్బు అడిగేవాళ్ళకి ఇవ్వకండి. ర్యాంకుకి దాన్ని తాము పట్టించుకోబోమని గూగుల్ 2009లోనే చెప్పేసింది. సైటు చిరునామాల జాబితా ఉండే సైట్‌మ్యాప్‌లో ప్రయారిటీ అంకెలూ అంతే. చివరిగా మారిన తేదీ నిజంగా మారినప్పుడే మార్చండి, అది చాలు.

కొత్త సైటు ఎక్కించే రోజు

అన్నీ చేసి కొత్త సైటు పైకి పంపాను. పదకొండు రోజులు గూగుల్లో చలనం లేదు. హోమ్ పేజీ కూడా పోయింది. అత్తకి ఏం చెప్పాలో తెలీక ఫోన్ ఎత్తడం మానేశాను.

కారణం ఒకే ఒక్క లైను. పరీక్ష కాపీ గూగుల్‌కి చిక్కకూడదని పెట్టిన నోఇండెక్స్ ట్యాగు అలాగే ప్రత్యక్ష సైటులోకి వచ్చేసింది. ఆ పరీక్ష కాపీకి నోఇండెక్స్‌తో పాటు, బాట్ ఎక్కడికి రావచ్చో చెప్పే రోబోట్స్ ఫైల్లో అడ్డు కూడా పెట్టాను. రెండూ కలపడం ఇంకో తెలివితక్కువ పని: రోబోట్స్‌లో అడ్డుకుంటే బాట్ పేజీలోకే రాదు, లోపలున్న నోఇండెక్స్ చదవనే చదవదు. పరీక్ష కాపీకి పాస్‌వర్డ్ పెట్టేయడమే సరైన దారి. ఇప్పుడు నా బిల్డ్‌లో ఒక చిన్న తనిఖీ ఉంది, అసలు డొమైన్‌కి వెళ్ళే పేజీల్లో నోఇండెక్స్ అన్న మాట కనిపిస్తే బిల్డ్ ఆగిపోతుంది. ఎక్కించాక సెర్చ్ కన్సోల్‌లో ముఖ్యమైన నాలుగైదు చిరునామాలు పెట్టి యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ చేయండి, సైట్‌మ్యాప్ ఇవ్వండి, తర్వాత ఓపిక పట్టండి.

పాత చిరునామాల నుంచి కొత్తవాటికి, శాశ్వతంగా మారిందని చెప్పి మళ్ళించే 301 రీడైరెక్టులు పెట్టాలని అందరూ చెప్తారు. నాకు ఆ దారీ లేదు. హ్యాష్ తర్వాత ఉన్న ముక్క అసలు సర్వర్ దాకా రాదు, బ్రౌజర్ దగ్గరే ఆగిపోతుంది. సర్వర్‌కి తెలియని చిరునామాని సర్వర్ ఎలా మళ్ళిస్తుంది? ఆ పాత లింకులు పోతే పోనీ అనుకుంటుండగా మా బావ గుర్తుచేశాడు: అట్టపెట్టెల మీద అచ్చేసిన క్యూఆర్ కోడ్ ఆ పాత చిరునామాదే. ఐదు వేల పెట్టెలు. అందుకని హోమ్ పేజీలో ఆరు లైన్ల జావాస్క్రిప్ట్ రాశాను. చిరునామాలో హ్యాష్ ముక్క కనిపిస్తే, అది ఏ సరుకో చూసి కొత్త పేజీకి పంపేస్తుంది.

పెట్టెలు ఇంకా మూడు వందల దాకా అటక మీదున్నాయట. అవి అయిపోయినా ఆ ఆరు లైన్లు తీయను. పూతరేకులు తినేశాక ఆ పెట్టెలో సూదీ దారం దాచుకునే ఇళ్ళు నాకు చాలా తెలుసు.